చట్టానికి తెలియని చుట్టాలు

అన్న డాలస్‌లో, చెల్లెలు న్యూజెర్సీలో, పెద్దమ్మ కొడుకు కాలిఫోర్నియాలో, బాబాయి కువైట్‌లో... ఊళ్లో ఒకే పంక్తిలో కూర్చుని తిన్న కుటుంబాలు ఇప్పుడు పరాయి దేశాల్లో కలుసుకుంటున్నాయి. ఎవరు ఎవర్ని, ఎప్పుడు, ఎన్నాళ్లకు కలవాలన్నది మాత్రం పాస్‌పోర్టులోని కాగితం చెబుతోంది!

నవంబరు నాలుగో గురువారం. అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్. ఆ ముందురోజు సాయంత్రం డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో, అట్లాంటా దగ్గర ఆల్ఫారెటాలోనో తెలుగువాళ్ల ఇంటి గరాజ్‌లోకి తొంగిచూడండి. ముప్ఫై నలభై జతల చెప్పులు! లోపల గాలిపరుపులు ఊదే మోటారు రొద. మేడ మీది దుప్పట్లన్నీ హాల్లోకి దిగుతాయి. బాత్‌రూమ్ దగ్గర వంతులు. వంటింట్లో ఎవరు ఏ పొయ్యి ముందు నిలబడాలో తేలక తోడికోడళ్ల నవ్వులు. అమెరికావాళ్లు ఆ రోజు టర్కీ కోడిని ఓవెన్‌లో పెడతారు. మనవాళ్ల ఓవెన్‌లో ఏడాది పొడవునా మూకుళ్లూ పెనాలూ కాపురం చేస్తుంటాయి కదా... ఆ రోజు అవి బయటికొస్తాయి. పులిహోర ఒకరి పూచీ. గోంగూర మాంసం ఇంకొకరిది. బిర్యానీ అల్యూమినియం ట్రేల్లో బయటి నుంచి వస్తుంది. పిల్లలకు పిజ్జా చెప్పేస్తే ఆ గొడవ వదిలిపోతుంది.

మరి సంక్రాంతికి కలవొచ్చుగా? కుదరదు. సంక్రాంతి అక్కడ మామూలు పనిరోజు. ఆఫీసుంటుంది, బడి ఉంటుంది. వీధిలో భోగిమంట వేస్తే ఫైరింజను వచ్చే ప్రమాదమూ ఉంది. అందుకే మన పండగలన్నీ అక్కడ దగ్గర్లోని శనివారానికి జరుగుతాయి. ఆ ఒక్కరోజు కోసం కాలిఫోర్నియా నుంచి న్యూజెర్సీకి ఎవరొస్తారు? విమానంలోనే దాదాపు ఆరు గంటలు. గడియారంలో మూడు గంటల తేడా. మన హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి అంతకన్నా ముందే చేరిపోవచ్చు. ‘అందరూ అమెరికాలోనే ఉన్నార్లే, సాయంత్రమైతే ఒకరింటికొకరు వెళ్తుంటారు’ అనుకునే అమ్మమ్మలకు ఈ లెక్క చెబితే ఓ పట్టాన నమ్మరు. గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు కలిసొచ్చే థ్యాంక్స్‌గివింగే అక్కడి మనవాళ్లకి పెద్దపండగ అయిందంటే కారణం అదే.

ఇంకో సందర్భం తెలుగు సంఘాల మహాసభలు. తానా తొలి సమావేశం 1977లో న్యూయార్క్‌లో జరిగింది. 1990లో ఆటా వచ్చింది. రెండేళ్లకోసారి, ఎక్కువగా జులై నాలుగు సెలవుల చుట్టూ జరిగే ఈ సభల ఫొటోల్లో మనకు కనిపించేది సినిమా తారలూ, రాజకీయ నాయకులూ, పట్టుచీరలూ. చాలా కుటుంబాలకు అసలు సభ జరిగేది మాత్రం హోటల్ గదుల్లో. పక్కపక్కనే నాలుగు గదులు తీసుకుని, మధ్య తలుపులు తెరిచేసి, తెల్లవారుజాము దాకా చెప్పుకునే కబుర్ల కోసమే టికెట్లు కొనేవాళ్లు ఎందరో.

ఒకరి వెనక ఒకరు...

అసలింతమంది ఒకే కుటుంబం నుంచి అక్కడికెలా చేరారు? కథ 1965లో మొదలైంది. ఏ దేశం నుంచి ఎంతమంది రావాలన్న పాత కోటాలను ఆ ఏడాది అమెరికా రద్దు చేసి, చదువుకూ నైపుణ్యానికీ, కుటుంబ బంధానికీ పెద్దపీట వేస్తూ కొత్త చట్టం తెచ్చింది. ఉస్మానియా, గుంటూరు, ఆంధ్రా మెడికల్ కాలేజీల నుంచి పట్టా పుచ్చుకున్న డాక్టర్లు, వాళ్లతోపాటు ఇంజినీర్లూ విమానమెక్కారు. ఆ తరానికి ఊరి కబురంటే నీలిరంగు ఏరోగ్రామే. నాన్న ఆరోగ్యం బాగాలేదన్న ఉత్తరం అందేసరికి ఆయన లేచి తిరుగుతూనైనా ఉండేవాడు, లేదా కర్మకాండ అయిపోయైనా ఉండేది.

పిట్స్‌బర్గ్‌లో 1976లో వేంకటేశ్వరస్వామి గుడి వెలిశాక చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి గంటల తరబడి కారు నడుపుకొంటూ అక్కడికి చేరేవాళ్లు. స్వామి దర్శనం పావుగంట. ప్రసాదం దగ్గర ‘మీదే ఊరు, ఎవరి తాలూకు’ అంటూ సాగే విచారణ రెండు గంటలు. అలా దూరపు వరసలెన్నో బయటపడ్డాయి. తెనాలిలో ఉండగా మొహమొహాలు చూసుకోని కుటుంబాలు పెన్సిల్వేనియాలో వియ్యమందిన సంగతులూ ఉన్నాయి.

ముందు వెళ్లినవాడు పౌరసత్వం వచ్చాక తమ్ముడికి దరఖాస్తు పెట్టేవాడు. తమ్ముడు భార్యతో వెళ్లేవాడు. కొన్నేళ్లకు ఆ భార్య తన అన్నకు పెట్టేది. ఇలా కొక్కేనికి కొక్కెం తగిలించినట్టు కుటుంబాలకు కుటుంబాలు కదిలాయి. 1990 చట్టంతో హెచ్1బి వచ్చింది. 2000 సంవత్సరం దగ్గరపడుతుంటే కంప్యూటర్లలో తారీఖులు తారుమారవుతాయన్న వైటూకే భయం పుట్టి, మన కుర్రాళ్లకు కలిసొచ్చింది. ఆ వెనకే ఎమ్మెస్ చదువులు. 2010-2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారనీ, వాళ్ల సంఖ్య నాలుగు లక్షలు దాటిందనీ సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ అక్కడి జనగణన లెక్కల ఆధారంగా తేల్చింది. ఆ తర్వాతా ఆ సంఖ్య ఆగలేదు.

ముందు వెళ్లిన అన్న ఇల్లు సత్రమే. కొత్తగా దిగినవాడికి బేస్‌మెంట్‌లో పరుపు, కారు నడపడం నేర్పడం, ఇంటర్వ్యూకి తన కోటు... ఇవన్నీ ఆయనే. వదిన పడ్డ చాకిరీ గురించి ఎవరూ రాయరు. రెండేళ్లలో ఆరుగురు మరుదులకు, వరసకు తమ్ముళ్లయ్యేవాళ్లకు వండిపెట్టిన వదినలు అమెరికాలో వీధికొకరుంటారు. ఈ కుటుంబాల కలయికల్లో ఇప్పటికీ మొదటి విస్తరి ఆమెకే వేయాలి. ఆమె మాత్రం వడ్డిస్తూనే కనిపిస్తుంది.

మేనమామ ఏ కేటగిరీ?

మనకు కుటుంబమంటే ఓ చాంతాడు. అమెరికా చట్టానికి కుటుంబమంటే వేళ్ల మీద లెక్క. భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు, అమ్మానాన్నలు... అక్కడి పౌరులకు వీళ్లు దగ్గరివాళ్లు. వీళ్ల గ్రీన్‌కార్డులకు సంఖ్యా పరిమితి లేదు. 21 దాటిన పిల్లలూ, పెళ్లయిన పిల్లలూ, తోబుట్టువులూ వరసలో నిలబడాలి. అంతే! జాబితా అయిపోయింది. మేనమామ లేడు. మేనత్త లేదు. పెద్దమ్మ, పిన్ని, బాబాయి, బావ, వదిన... ఎవరూ లేరు. తాతకూ నాయనమ్మకూ కూడా చోటు లేదు. తల్లి పోతే ఎత్తుకుని పెంచింది అమ్మమ్మే అయినా, కాగితాల మీద దత్తత లేకపోతే ఆమె ఎవరో ఆ చట్టానికి తెలియదు.

పోనీ తోబుట్టువులకైనా సులువా? ఎఫ్4 అనే కేటగిరీలో ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65 వేల వీసాలు. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి వెళ్లకూడదన్న నిబంధన ఒకటి. ఆ 65 వేలల్లో భార్యలూ భర్తలూ పిల్లలూ కూడా కలిసే ఉంటారు. ఫలితం... మన దేశం నుంచి 2006 ప్రాంతంలో వేసిన దరఖాస్తులకు ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పుడు మోక్షం కలుగుతోంది.

ఇరవై ఏళ్లంటే ఎంతో ఓ కుటుంబాన్ని ఊహించుకుని చూద్దాం. 2006లో అన్న దరఖాస్తు పెట్టేనాటికి తమ్ముడి వయసు 32. కొడుక్కి అయిదేళ్లు. ‘పిల్లాడి చదువు అమెరికాలోనే’ అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఇప్పుడు పిలుపొచ్చింది. తమ్ముడికి 52. కొడుక్కి 25. తల్లిదండ్రుల వెంట వెళ్లాలంటే పిల్లల వయసు 21 దాటకూడదు. దరఖాస్తు పరిశీలనలో గడిచిన కాలాన్ని లెక్కలోంచి తీసేసే వెసులుబాటు ఒకటుంది. అది కొందరినే ఒడ్డున పడేస్తుంది. మిగిలినవాళ్ల సంగతి? అన్నదమ్ములు కలవాలంటే తండ్రీకొడుకులు విడిపోవాలి!

వెళ్లాలా, మానాలా? ఇక్కడి ఉద్యోగంలో ఇంకో ఆరేడేళ్ల సర్వీసుంటుంది. అక్కడ మళ్లీ మొదటి మెట్టు. యాభై దాటాక ఏ కిరాణా దుకాణం గల్లాపెట్టె దగ్గరో, పెట్రోలు బంకులోనో నిలబడటానికి సిద్ధపడి వెళ్లినవాళ్లున్నారు. పిలుపు కాగితాన్ని బీరువాలో దాచుకుని ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. అక్కడ అన్నకేమో, ఇన్నేళ్లు ఎదురుచూసి వీడు రాలేదన్న మనస్తాపం. తమ్ముడు అన్నను ఎంచుకోలేదనుకోవాలో, కొడుకును ఎంచుకున్నాడనుకోవాలో! ఇలాంటి ఇళ్లల్లో ఎవరినీ తప్పుపట్టడానికి నాకైతే నోరు రాదు.

ముద్ర పడితేనే ముఖం చూసేది

వరసకు అన్నదమ్ములైన ముగ్గురు పక్కపక్క వీధుల్లో ఉన్నా, ముగ్గురి అమెరికా ఒకటి కాదు. ఒకరు పౌరుడు. ఒకరిది గ్రీన్‌కార్డు. మూడోవాడిది హెచ్1బి. మామూలు రోజుల్లో ఈ తేడా కనపడదు. ముగ్గురివీ అలాంటి ఇళ్లే, అలాంటి కార్లే. తేడా తెలిసేది ఊరి నుంచి అర్ధరాత్రి ఫోనొచ్చినప్పుడు.

హెచ్1బి వాళ్లకు అమెరికాలో ఉండే అనుమతి వేరు, పాస్‌పోర్టులో పడే వీసా ముద్ర వేరు. ముద్ర గడువు తీరినా అనుమతి ఉన్నంతవరకు అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ ఒకసారి ఊరికొస్తే, తిరిగి వెళ్లడానికి కాన్సులేట్ మెట్లెక్కి ముద్ర వేయించుకోవాల్సిందే. గతంలో కెనడాకో మెక్సికోకో వెళ్లి ఆ పని ముగించుకునేవాళ్లు. 2025 సెప్టెంబరులో ఆ దారి మూసేశారు. సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో మాత్రమే దరఖాస్తు చేసుకోవాలన్నారు. అదే ఏడాది డిసెంబరులో హెచ్1బి వాళ్ల సోషల్ మీడియా ఖాతాలనూ పరిశీలించాలన్న నిబంధన వచ్చింది. దాంతో మన దేశంలోని కాన్సులేట్లలో ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. పెళ్లికనో, అమ్మానాన్నల్ని చూద్దామనో రెండు మూడు వారాల సెలవు మీద వచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుబడ్డారు. భార్య అక్కడ, భర్త ఇక్కడ. పిల్లల బడి అక్కడ, తండ్రి ఇక్కడ.

ఇక నాయనమ్మ పోయిందనుకోండి. పౌరుడైన మనవడు మర్నాటి విమానానికి టికెట్ కొంటాడు. హెచ్1బి మనవడు లెక్కలేస్తాడు. వెళితే ఉద్యోగం ఉంటుందో లేదో, ఇంటి అప్పు కట్టేదెలాగో. కడసారి చూపునకు కూడా లెక్కలేస్తున్నాడని ఊళ్లో జనం అనుకుంటారు. కదల్లేని మనవలూ మనవరాళ్లూ అంతా ఒకరింటికి చేరతారు. టీవీకి ఫోను తగిలించి, ఇక్కడ ఊళ్లో ఎవరో పట్టుకున్న కెమెరాలో పాడె లేవడం చూస్తారు. మధ్యలో నెట్ ఆగిపోతుంది. అక్కడ వేళ రాత్రి రెండు. ఒకరి తర్వాత ఒకరు తలస్నానం చేసి వచ్చి, ఎవరో పెట్టిన అన్నం, చారు తిని, ఆఫీసు వేళ దాకా ఆమె కబుర్లే చెప్పుకుంటారు. ఆమె బతికుండగా వీళ్లంతా ఒకచోట చేరి ఎన్నేళ్లయిందో!

2020లో ఈ తేడాలన్నీ ఒక్కసారిగా చెరిగిపోయాయి. మార్చి చివర్లో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాక పౌరుడూ కదల్లేకపోయాడు, గ్రీన్‌కార్డుదారూ కదల్లేకపోయాడు. ఆదివారం జూమ్‌లో బంధువులంతా చిన్నచిన్న గళ్లలో కనిపించడం అప్పుడే అలవాటైంది. ఆ అలవాటు కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉంది. చాలా ఇళ్లల్లో వాట్సప్ గ్రూపులో శుభోదయం బొమ్మల దగ్గర ఆగిపోయింది.

వియ్యంకులు కలిసేది ఎయిర్‌పోర్టులోనే

కొడుకూ కూతురూ రాలేకపోతే అమ్మానాన్నలే వెళతారు. పర్యాటక వీసా మీద ఒకసారికి సాధారణంగా ఆరు నెలలు. అందులో మూడు నెలలు పెద్దాడి దగ్గర, రెండు నెలలు అమ్మాయి దగ్గర, మిగిలింది తోడికోడలి కొడుకు ‘మా ఇంటికి రావా దొడ్డమ్మా’ అంటాడు కాబట్టి అక్కడ. కోడలి పురుడుకైతే ఇంకో లెక్క. ముందు ఆరు నెలలు అమ్మాయి తల్లిదండ్రులు, తర్వాత ఆరు నెలలు అబ్బాయి తల్లిదండ్రులు. ఒక జంట దిగేరోజునే ఇంకో జంట బయల్దేరుతుంది. పెళ్లిలో చూసుకున్న వియ్యంకులు మళ్లీ అమెరికా ఎయిర్‌పోర్టులో పలకరించుకుంటారు. ఉగ్గు ఎంత పెట్టాలి, రాత్రి ఏ పక్కన పడుకోబెడితే నిద్రపోతాడు లాంటి అప్పగింతలన్నీ ఆ పది నిమిషాల్లోనే.

వాళ్ల ప్రయాణమూ ఓ కథే. చక్కగా నడవగలిగిన పెద్దవాళ్లు సైతం టికెట్‌తోపాటు వీల్‌చెయిర్ రాయించుకోవడం చూసే ఉంటారు. కాళ్ల నొప్పులని కాదు. మధ్యలో విమానం మారాలి, ఇంగ్లిష్ రాదు, ఏ గేటో తెలియదు. కుర్చీలో కూర్చుంటే ఒక మనిషి తోసుకెళ్లి సరైన విమానం దగ్గర దించుతాడు. దారి చూపే మనిషి కోసం కుర్చీ! ఎవరు కనిపెట్టారో గానీ మన పెద్దవాళ్ల తెలివికి దండం పెట్టాలి.

చేతిలో పెట్టెలుంటాయి. ఒక్కొక్కటి 23 కిలోలు. ఆవకాయ మూడు పొరల ప్లాస్టిక్ కవర్లలో. సున్నుండలు, కందిపొడి, మనవరాలి పరికిణీ. ఒక్క కరివేపాకు మాత్రం పట్టుకెళ్లడానికి లేదు. అది నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన మొక్క. నారింజ తోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు దాని ఆకుల మీదా బతుకుతుంది. అందుకే పచ్చి కరివేపాకును అమెరికా కస్టమ్స్ వాళ్లు తీసి పారేస్తారు. ఆ తెగులు భయం ఉన్న టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల నుంచి మొక్కను ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లడం మీద కూడా ఆంక్షలున్నాయి. అంటే డాలస్ అక్క పెరట్లో పెంచిన మొక్కను న్యూజెర్సీ చెల్లికి ఇవ్వాలన్నా కుదరదన్నమాట. మేనమామకే కాదు, కరివేపాకుకూ వీసా లేదు.

ఈ రాకపోకల్లో ఒక మంచి కూడా జరుగుతోంది. ఒకాయన విజయవాడలో, ఆయన తమ్ముడు విశాఖలో ఉంటారు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. నాలుగేళ్లుగా కలవలేదు. పిల్లల దగ్గరికని ఒకే వేసవిలో ఇద్దరూ అమెరికా వెళ్తారు. పిల్లలు కారులో తీసుకెళ్లి కలుపుతారు. పొద్దున్నే ఇద్దరూ కోతిటోపీలు పెట్టుకుని మనుషులు కనపడని ఆ వీధుల్లో నడకకు బయల్దేరతారు. అమెరికా వెళ్లినవాళ్లు నయాగరా ఫొటోలు చూపిస్తారు గానీ, ఆ నడకల ఫొటోలు ఎవరూ తీయరు.

అందరూ కజిన్లే!

పిల్లల దగ్గరికొద్దాం. అక్కడ పుట్టిన పిల్లలకు పెద్దనాన్న కొడుకు కజిన్. మేనత్త కొడుకూ కజినే. మనకేమో ఒకరు అన్న, ఒకరు బావ. ఆ రెంటికీ ఎంత తేడా! అన్న ముందు ఒద్దిక, బావతో వేళాకోళం. పదిహేనేళ్ల పిల్లకు ‘వీడు నీకు బావ అవుతాడే’ అని తాతగారు నవ్వుతూ పరిచయం చేస్తే, పిల్ల బిక్కమొహం వేసి తల్లి వంక చూస్తుంది. తల్లికి నవ్వాలో ఆపాలో తెలియదు. మేనరికం మాట సరదాకైనా ఎత్తేముందు ఏ రాష్ట్రంలో ఉన్నామో చూసుకోవాలి మరి. టెక్సాస్‌లో 2005 నుంచి మేనమామ, మేనత్త పిల్లల మధ్య పెళ్లి నిషిద్ధం. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో అలాంటి నిషేధం లేదు. తాతగారికి ఈ సంగతి చెబితే, పెళ్లి ఎవడు చేస్తానన్నాడు, వరస చెప్పానంతే అని విసుక్కుంటారు.

వారాంతాల్లో తెలుగు నేర్పే తరగతులు అక్కడ చాలా ఊళ్లలో ఉన్నాయి. సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి అందరికీ తెలిసిందే. పిల్లలు గుణింతాలు రాస్తున్నారు, పద్యాలు అప్పజెబుతున్నారు. మెచ్చుకోవాల్సిందే. కానీ వరసలు పలక మీద దిద్దితే వచ్చేవి కావు. ‘పిన్నీ’ అని పిలిస్తే పలికే పిన్ని ఒకరు ఎదురుగా ఉండాలి. నాలుగు రోజులు ఒకే ఇంట్లో పొర్లితే చాలు... నలుగురు పిన్నుల్లో ఎవరు ముద్ద కలిపి పెడతారో, ఎవరు కోప్పడతారో పిల్లలకు తెలిసిపోతుంది. మూడోరోజుకి ఆంటీ అన్నమాట ఆ ఇంట్లో వినిపించదు.

భోజనాలయ్యాక...

ఆదివారం తిరుగు ప్రయాణం. శనివారం రాత్రే అసలు మాటలు మొదలవుతాయి. పిల్లలు మేడ మీద, ఆడవాళ్లు వంటింట్లో, మగవాళ్లు పెరట్లో. ముందు బోయపాటి సినిమా, తర్వాత షేర్లు, ఆ తర్వాత మెల్లగా ఊళ్లో ఇల్లు. తాళం వేసి మూడేళ్లయింది. పెంకులు జారాయట. పక్కింటాయన ప్రహరీని రెండడుగులు జరిపాడట. పొలం కౌలు ఎవరి ఖాతాలో పడుతోంది? పవర్ ఆఫ్ అటార్నీ ఎవరికిద్దాం? అక్కడ సంతకం పెట్టిన ఆ కాగితానికి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. లేదంటే ఇంకో చిక్కు.

పొలం సంగతి మరీ ఇబ్బంది. విదేశాల్లో స్థిరపడినవాళ్లు వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమిని ఉంచుకోవచ్చు గానీ కొత్తగా కొనకూడదు. అమ్మదలిస్తే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. అమెరికాలో ఉన్న అన్న తన వాటాను అమెరికాలోనే ఉన్న తమ్ముడికి అమ్ముదామన్నా వీల్లేదు. తాత చెమటోడ్చిన ఎకరాలు ఇంట్లోనే ఉండాలనుకుంటే, ఇంట్లోవాళ్లలో ఒకడైనా ఇక్కడ ఉండాలి.

పండగపూట ఆస్తి మాటలెందుకు, ఉన్న నాలుగు రోజులూ నవ్వుకుంటూ గడిపేద్దాం అనేవాళ్లుంటారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో అరటిపళ్లో జీడిపప్పులో పెట్టుకుని మాట్లాడుకున్నది తెగుతుంది. వాట్సప్‌లో అర్ధరాత్రి పెట్టిన సందేశంతో తెగేది బంధమే. పైగా ఆ మాటల వెనక ఇంకో మాట దాక్కుని ఉంటుంది. ఒంటరిగా ఉన్న అమ్మను ఎవరు చూస్తారు? ఆమె అమెరికాలో ఉండనంటుంది. ఇక్కడ ఉంటే తోడు లేదు. వంటింట్లో కోడళ్లు ఆ మాట ఎప్పుడో మాట్లాడేసుకుని ఉంటారు. పెరట్లో కొడుకులకే అది నోటికి రాదు.

గల్ఫ్‌లో వారానికో రోజు

ఇదంతా పెద్ద ఇళ్లూ, కార్లూ ఉన్నవాళ్ల వ్యవహారం. తెలుగునేల నుంచి విదేశాలకు వెళ్లిన కుటుంబాలు ఇంకో రకం కూడా ఉన్నాయి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్‌కీ సౌదీకీ వెళ్లినవాళ్లు. కడప, రాయచోటి, కోనసీమ పల్లెల నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు. వాళ్లకూ అన్నదమ్ములున్నారు, అక్కాచెల్లెళ్లున్నారు. చాలాసార్లు ఒకే నగరంలోనే ఉన్నారు.

భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడానికి అక్కడ చుట్టరికం ఒక్కటే చాలదు, జీతం కూడా కావాలి. యూఏఈలో నెలకు నాలుగు వేల దిర్హామ్‌లు, లేదా మూడు వేలతోపాటు వసతి ఉండాలి. కువైట్ 2024 జనవరిలో ఆ మొత్తాన్ని 800 దీనార్లు చేసింది. భవన నిర్మాణంలోనో, ఇళ్లల్లోనో పనిచేసేవాళ్లకు అది అందని మాట. సౌదీ 2017లో వెంట ఉన్న ఒక్కో కుటుంబసభ్యుడికి నెలకు వంద రియాళ్ల రుసుము పెట్టి, ఏటా వంద చొప్పున పెంచుతూ 2020కి 400 చేసింది. భార్యా ఇద్దరు పిల్లలంటే నెలకు 1200 రియాళ్లు. కొద్దో గొప్పో మంచి జీతమున్నవాళ్లు కూడా సంసారాన్ని ఊరికి పంపేసి మళ్లీ గదుల్లో చేరిపోయారు.

కాబట్టి వాళ్ల కలయికలు వారానికో రోజువి. కువైట్, సౌదీల్లో సెలవు శుక్రవారం. ఒకరి గదికి ఊరివాళ్లంతా చేరతారు. ఒకదానిపై ఒకటి ఉన్న ఇనప మంచాల మధ్య పేపర్లు పరిచి తలకాయ కూరో, చేపల పులుసో. సొంత బాబాయి, వరస బాబాయి అన్న తేడా అక్కడ లేదు. జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చినవాడే బాబాయి. ఊళ్లో గట్టు తగాదాతో మాటల్లేని రెండిళ్ల కుర్రాళ్లు ఒకే గిన్నెలో తినడం అక్కడ వింత కాదు. ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ సంగతి చెప్పరు!

ఆడవాళ్లకు ఆ వారానికో రోజు కూడా అనుమానమే. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు వారానికో సెలవు ఇవ్వాలని కువైట్ 2015లోనే చట్టం చేసింది. ఆ రోజు గడప దాటనిచ్చే ఇల్లు దొరకాలి కదా. అక్క ఒక పేటలో, చెల్లెలు ఇంకో పేటలో. బస్సెక్కితే అరగంట. అయినా చూసుకుని ఏడాది దాటిపోతుంది. అక్క కూతురు కొత్తగా అక్కడికి పనికొస్తే, ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా యజమాని ఇంటికే. పిన్ని ఆ పిల్లను మొదటిసారి చూసేది ఫోన్ తెర మీదే. ఆ ఊళ్లోనే ఉండి!

కొన్నిసార్లు బంధువులు తోడుగా ఊరికొచ్చే ప్రయాణం కూడా ఒకటే దిక్కుగా సాగుతుంది. గదిలో ఒకడికి గుండె ఆగిపోతుంది. కాగితాల పనంతా అయ్యాక శవపేటిక వెంట శంషాబాద్‌లో దిగేది తమ్ముడో, బావమరిదో. నాలుగేళ్లుగా దొరకని సెలవు అతనికి అప్పుడు దొరుకుతుంది.

సెలవులంటే రెండేళ్లకోసారి, ఇద్దరు అన్నదమ్ములకు రెండు కంపెనీలు. ఒకడు ఊళ్లో ఉన్నప్పుడు ఇంకొకడు అక్కడ. ఒకడి పిల్లలకు ఇంకొకడు ఫోన్లో బాబాయి. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉండే సందర్భమంటే చెల్లి పెళ్లే. పసుపు దంచే రోజుకు అన్నలిద్దరూ ఉండాలని తల్లి పట్టుబడుతుంది. పంతులుగారు మే నెలలో మూడు ముహూర్తాలు రాసిచ్చారు. ఏది ఖాయం చేయాలో ఇంకా తెలియదు. ఇద్దరు కఫీళ్ల నుంచీ కబురు రావాలి.